పచ్చబొట్టు మీద స్టిక్కర్ బొట్టు

విమర్శ అంటే కథ మీదో, కవిత మీదో రాసేదని టీచర్ ట్రైనింగ్‌లో మాకు చెప్పారు. ఈసారి ఒక అద్దం మీద విమర్శ రాయాలనిపించింది. ఆ అద్దం సికింద్రాబాద్‌లో, పాత బోయిన్‌పల్లిలో, మా దగ్గర చదువుకుని వెళ్లిన ఒక గోండు అమ్మాయి అద్దెకుంటున్న గదిలో ఉంది. ఆ అద్దం ముందు నిలబడే పిల్లలు ఏం చూస్తున్నారు, వాళ్లకు అలా చూడడం ఎవరు నేర్పారు అన్నదే ఇక్కడ విషయం. నేర్పినవాళ్లలో మేమూ ఉన్నాం. అందుకే రాస్తున్నాం.

ఆదిలాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సెక్కితే నిర్మల్, కామారెడ్డి, మేడ్చల్, సుచిత్ర దాటాక బోయిన్‌పల్లి వస్తుంది. జూబ్లీ బస్ స్టేషన్ ఇంకా ముందుంది. మన వైపు పిల్లలకు పట్నంలో మొదట తగిలే బస్తీలలో ఇదొకటి. కూరగాయల మార్కెట్ యార్డు ఇక్కడే ఉంది. తెల్లవారకముందే లారీల చప్పుడు. అటుపక్క కంటోన్మెంట్, సైన్యం వాళ్ల ప్రహరీ గోడలు. ఒక గదిలో నలుగురేసి అమ్మాయిలు ఉంటారు. ఒకరు డిగ్రీ, ఒకరు నర్సింగ్, ఒకరు పోటీ పరీక్షల కోచింగ్, ఇంకొకరు బట్టల షాపులో పని.

మా పిల్ల డిగ్రీ రెండో సంవత్సరం. ఒక రాత్రి ఫోన్ చేసి, "మేడం, పది వేలు అప్పుగా ఇస్తారా? స్కాలర్‌షిప్ పడగానే తిరిగిస్తా" అంది. ఎందుకమ్మా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. నుదుటి మీద ఉన్న పచ్చబొట్టు చుక్కలు లేజర్‌తో తీయించుకుంటుందట. చేతి మీదున్న వాటికి ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటే సరిపోతుందట. నుదుటికే దారి లేదట.

డబ్బు సంగతి తర్వాత చూద్దామని, వచ్చే శనివారం మేమే బస్సెక్కాం.

అద్దం ముందు ఏముంది

గోడకు మేకు కొట్టి తగిలించిన చిన్న అద్దం. దాని కింద చెక్క పలక. పలక మీద ఉన్నవి ఒక్కొక్కటే చూశాం. రెండు రకాల తెల్లబరిచే క్రీములు. పౌడరు డబ్బా. కాజల్. జుట్టు సాఫీ చేసే సీరం చిన్న ప్యాకెట్లు. పెద్ద సైజు స్టిక్కర్ బొట్ల అట్ట. చివరగా ఒక ఆయింట్‌మెంట్ ట్యూబు. అది మెడికల్ షాపులో అడిగి కొన్నదట. రాసుకున్న వారానికే మొహం తేటపడిందని పక్క మంచం అమ్మాయి చెబితే ఈమె కూడా మొదలుపెట్టింది. ట్యూబు మీద చదివితే అందులో స్టెరాయిడ్ ఉంది.

ఈ వ్యాసం చదివే పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోండి. స్టెరాయిడ్ కలిసిన చర్మపు మందులు రాసుకుంటే మొదట్లో మొహం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. కొన్నాళ్లకు చర్మం పలచబడుతుంది. ఎరుపెక్కుతుంది, మొటిమలు లేస్తాయి, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట. ఆ మంటకు భయపడి మళ్లీ రాస్తారు. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పద్నాలుగు రకాల మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ లేకుండా అమ్ముతూనే ఉన్నారంటే కొనేవాళ్లు ఉన్నారనే అర్థం. కొన్ని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కూడా కలుపుతారు. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం సౌందర్య సాధనాల్లో పాదరసం కలపకూడదు. పేరు, తయారీదారు, లైసెన్సు నంబరు లేని డబ్బాను సంతలో కొనకండి.

ఆ పలక మీద ఉన్న వస్తువుల్లో ఆ పిల్లలను మెచ్చుకోవలసినవీ ఉన్నాయి. జనరల్ బజార్‌లో తక్కువ ధరకు గుడ్డ తెచ్చుకుని, యూట్యూబ్ చూసి, తామే కుట్టుకున్న కుర్తీలు గోడకు వేలాడుతున్నాయి. నలుగురూ ఒకరి బట్టలు ఒకరు మార్చుకుని వారమంతా కొత్తగా కనిపిస్తారు. పండుగకు ఒకరి జుట్టు ఒకరు అల్లుకుంటారు. జీన్స్ వేసుకున్నారని, జుట్టు విరబోసుకున్నారని మాకు ఫిర్యాదు లేదు. అందంగా ఉండాలనుకోవడం తప్పని మన గూడేల్లో ఎవరూ అనలేదు. దండారీకి వెళ్లే మగవాళ్లే నెమలి ఈకల టోపీ కోసం ఎంత తంటాలు పడతారో మనకు తెలియదా? తేడా అంతా ఒకచోటే ఉంది. కుర్తీ కుట్టుకున్నప్పుడు ఆ పిల్ల తనకు ఒకటి కలుపుకుంటోంది. ఆయింట్‌మెంట్ రాసుకున్నప్పుడు, లేజర్ గురించి ఆలోచించినప్పుడు తనలోంచి ఒకటి తీసేసుకుంటోంది.

ఆ చుక్కలు ఎవరివి

ఆమె నుదుటి మీద మూడు చుక్కలు, కళ్ల పక్కన చెరొకటి. ఐదో తరగతి లోపే, వాళ్ల అవ్వ పట్టుబట్టి ఒక తోటి ఆడమనిషి చేత వేయించింది. మన జిల్లాల్లో గోండులకు పచ్చబొట్లు వేసే విద్య తోటి ఆడవాళ్లది. మగవాళ్లు కీక్రీ వాయిస్తూ వంశాల కథలు చెబితే, ఆడవాళ్లు సూదులతో, నూనె మసితో ఒంటి మీద రాసేవాళ్లు. బదులుగా ధాన్యమో, పాత చీరో, నాలుగు డబ్బులో ముట్టేవి. తోటి వాళ్లు అసలే కొద్దిమంది. ప్రభుత్వం వాళ్లను, కోలాములను మరింత వెనుకబడిన ఆదివాసీ సమూహాలుగా గుర్తించింది. ఒక గోండు పిల్ల నుదురు ఖాళీగా ఉండిపోతే ఒక తోటి ఇంట్లో ఒక విద్య, ఒక పూట తిండి కూడా తగ్గిపోతాయి. ఈ సంగతి మేం పాఠంగా ఏనాడూ చెప్పలేదు.

చనిపోయినప్పుడు వెండి, పూసలు, గాజులు అన్నీ ఇంటివాళ్లు తీసుకుంటారు, పచ్చబొట్టు మాత్రమే మనతో వస్తుందని మా ముసలమ్మలు చెప్పేవారు. దొంగ ఎత్తుకుపోలేని నగ అది, షావుకారు దగ్గర తాకట్టు పెట్టలేని నగ. అప్పుల్లో భూములే పోగొట్టుకున్న జాతికి ఆ మాట ఎంత లోతుగా తగులుతుందో వేరే చెప్పాలా?

ఈ మాటలన్నీ ఆ గదిలో ఆ పిల్లకు చెప్పాం. ఆమె ఓపికగా విన్నది. విని రెండు మాటలు అన్నది.

మొదటిది: "నన్ను అడిగి వేశారా మేడం?"

రెండోది: "ఏడో తరగతిలో ప్రేయర్ దగ్గర మీరే కదా, 'దీన్ని రాయి పెట్టి రుద్దితే పోతుందేమో చూడవే' అన్నారు. అందరూ నవ్వారు."

మాకు ఆ రోజు గుర్తులేదు. ఆమెకు ఉంది.

బడి నేర్పిన అందం

అక్కడి నుంచి ఆలోచిస్తే, పట్నం అద్దాన్ని తిట్టే హక్కు మాకు ఎంతుందో తెలిసొచ్చింది. ఆ పిల్ల చూసిన మొదటి అద్దం బడి. హాస్టల్లో చేరిన రోజే పేల భయంతో ఆడపిల్లల జుట్టు కత్తిరించిన రోజులు మాకు తెలుసు. ఆ జుట్టు కింద పడుతుంటే పిల్లలు ఏడ్చేవాళ్లు. మందు పెట్టి, పేల దువ్వెనతో దువ్వి, వారం ఓపిక పడితే పోయేదానికి కత్తెర వాడాం. జుట్టు పెరిగాక రెండు జడలు, రిబ్బన్లు, నున్నగా నూనె. ముక్కుకు ఇరుపక్కలా పుడకలుంటే తీసెయ్యమన్నాం. మెడలో పూసలుంటే తీసెయ్యమన్నాం. "నీట్‌గా ఉండాలి" అనేది మా మాట. ఆ 'నీట్' అనే మాటలో శుభ్రత ఎంత, మన గుర్తులంటే మా సిగ్గు ఎంత అని మేం ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు.

ఇంకో మాట చూడండి. హాస్టల్ పిల్లలకు సబ్బు, నూనె, పౌడరు, రిబ్బన్లు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బును మన ఆఫీసు భాషలో 'కాస్మెటిక్ ఛార్జీలు' అంటారు. ఏళ్ల తరబడి అది 3 నుంచి 7వ తరగతి ఆడపిల్లకు నెలకు 55 రూపాయలు, 8 నుంచి 10వ తరగతి ఆడపిల్లకు 75 రూపాయలుగా ఉండిపోయింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని 175, 275 రూపాయలకు పెంచింది. పెంచడం మంచిదే. కానీ 75 రూపాయల రోజుల్లో ఒంటి సబ్బు కొంటే బట్టల సబ్బుకు లేదు, నూనె కొంటే శానిటరీ న్యాప్‌కిన్లకు లేదు. ఆ కాలంలోనే మేం పిల్లలను 'నీట్‌గా లేవు' అని లైన్లో నిలబెట్టాం. చర్మం పొడిబారి తెల్లగా పొలుసులు కనిపిస్తే 'స్నానం చెయ్యలేదా' అని అడిగాం. కొబ్బరినూనె అయిపోయిందని చెప్పడానికి ఆ పిల్లలకు నోరు రాలేదు.

తెర మీద మన రంగు

బడి తర్వాతి అద్దం సినిమా. తెలుగు సినిమాలో పేదవాడిని, అడవివాడిని, బొగ్గు ఊరివాడిని చూపాలంటే తెల్లటి నటుడి మొహానికి నలుపు పూస్తారు. 2021లో 'పుష్ప', 2023లో 'దసరా' చూసినవాళ్లకు ఇది తెలుసు. ఆ నటుల కష్టాన్ని తక్కువ చేయడం లేదు. అయితే షూటింగ్ అయ్యాక వాళ్లు కడుక్కునే రంగుతోనే మన పిల్లలు పుట్టారు. ఆ రంగున్న అమ్మాయికి హీరోయిన్ వేషం ఇవ్వరు, ఆ వేషానికి కావలసిన రంగును మాత్రం డబ్బాలో తెస్తారు. పట్నంలో బడుల వేషధారణ పోటీల్లో 'ఆదివాసీ' అంటే ఒంటికి మసి, నడుముకు ఆకులు. మార్కులిచ్చేది టీచర్లమే.

2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' ఎలా మొదలవుతుందో గుర్తుచేసుకోండి. మల్లి అనే గోండు పిల్ల పాట పాడుతూ తెల్ల దొరసాని చేతి మీద అందమైన బొమ్మ వేస్తుంది. దొరసానికి ఆ పని నచ్చుతుంది. నచ్చి, తల్లి ముందు చిల్లర విసిరి, పిల్లనే తీసుకుపోతుంది. ఆ సినిమాలో చరిత్ర కన్నా కల్పనే ఎక్కువ. జోడేఘాట్‌లో 1940లో ప్రాణమిచ్చిన కుమ్రం భీము కథ వేరు. కానీ ఈ ఒక్క సన్నివేశంలో సత్యం ఉంది. మన చేతిలోని అందం వాళ్లకు కావాలి. ఆ చెయ్యి ఎవరిది, ఆ చెయ్యికి తల్లి ఉందా అన్నది వాళ్లకు పట్టదు.

అదే సినిమాలో భీము ఢిల్లీ వెళ్లి అఖ్తర్ అనే పేరుతో, వేరే బట్టల్లో తిరుగుతాడు. పని కోసం దాచుకున్నాడు, సమయం వచ్చినప్పుడు తానెవరో చెప్పాడు. బోయిన్‌పల్లిలో మన పిల్లలూ దాచుకుంటున్నారు. పేరు చివరి ఇంటిపేరును పొడి అక్షరంగా మార్చుకుంటున్నారు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మెట్ల మీదికి పోయి గోండిలో మాట్లాడుతున్నారు. చుక్కల మీద స్టిక్కర్ అంటిస్తున్నారు. ఇందులో పిరికితనం ఉందని మేం అనం. అద్దె గది దొరకాలి, క్లాసులో పక్కన కూర్చునేవాళ్లు దొరకాలి. కానీ దాచుకున్నది బయటపెట్టే రోజు ఎప్పుడొస్తుంది? మన పిల్లల కథలో ఆ రెండో సగాన్ని ఎవరు రాస్తారు?

వేదిక మీద ఒకటి, గదిలో ఒకటి

2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి. 10వ తేదీన గచ్చిబౌలి స్టేడియంలో ప్రారంభం. ఆ రాత్రి తెలంగాణ కళలు చూపుతూ గుస్సాడీ, కొమ్ముకోయ నృత్యాలను వేదికెక్కించారు. మన గుస్సాడీ కోసం బతికిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. ఆయన నేర్పిన అడుగులు దేశదేశాల అందగత్తెల ముందు పడ్డాయంటే సంతోషించాం. కొద్ది రోజులకే ములుగు జిల్లా రామప్ప గుడి దగ్గర పోటీదారుల కాళ్లు కడగడానికి నీళ్లు పోసి, తుడుస్తున్న స్థానిక మహిళల ఫొటోలు బయటికొచ్చాయి. వాటి మీద గొడవ జరిగింది. అతిథి మర్యాద అన్నారు కొందరు. మన ఇళ్లలోనూ అతిథికి కాళ్లకు నీళ్లిస్తాం, చెంబు అతిథి చేతికి ఇస్తాం. అక్కడ ఎవరి చేతులు ఎవరి కాళ్ల దగ్గర ఉన్నాయో ఫొటోయే చెప్పింది.

అందాల పోటీ గురించి మాట్లాడితే మనకు ఇంకో పేరు గుర్తొస్తుంది. 2013 సెప్టెంబరులో తెలుగు మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికాగా గెలిచింది. అక్కడ కొందరు ఆమె పుట్టుకను పట్టుకుని తిట్టారు. ఇక్కడ చాలామంది, మన దేశంలోనైతే ఇంత చామనఛాయ అమ్మాయిని గెలిపించేవారా అని అడిగారు. ఆ ప్రశ్న సరైనదే. 1975 నుంచి 'ఫెయిర్ అండ్ లవ్లీ' పేరుతో అమ్మిన క్రీము 2020 జూలైలో 'గ్లో అండ్ లవ్లీ' అయింది. పేరులోంచి తెలుపు పోయింది. బోయిన్‌పల్లి గదిలో ఆ పలక మీది ఆశ మాత్రం పోలేదు.

మన ఇంట్లో మాట

వేలు బయటికే చూపిస్తే ఈ విమర్శ సగమే అవుతుంది. సంబంధాలు మాట్లాడేటప్పుడు 'పిల్ల కొంచెం నలుపు' అనే మాట ఇప్పుడు మన గూడేల్లోనూ వినిపిస్తోంది. ఉద్యోగం వచ్చిన మన అబ్బాయిలు తెల్లటి పిల్ల కావాలంటున్నారు. ఈ రోగం పట్నం నుంచి వచ్చిందని చెప్పి చేతులు దులుపుకోలేం.

అలాగే, "నన్ను అడిగి వేశారా?" అన్న ప్రశ్నకు మా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. అవ్వ ప్రేమతో వేయించింది. పిల్ల నొప్పితో ఏడ్చింది. రెండూ నిజాలే. ఒకే సూదితో పదిమందికి వేస్తే కామెర్లు, హెచ్ఐవీ లాంటివి సోకే ప్రమాదం ఉందని కూడా చెప్పుకోవాలి. పచ్చబొట్టు బతకాలంటే కొత్త సూది కావాలి, వేయించుకునే మనిషి ఒప్పుకోలు కావాలి. అదే బోయిన్‌పల్లి రోడ్డు పక్కన టాటూ షాపులో కాలేజీ పిల్లలు వేలు పోసి చేతుల మీద బొమ్మలు వేయించుకుంటున్నారు. వాళ్లది ఫ్యాషన్, మనది వెనుకబాటు ఎలా అయింది? సూది అదే, సిరా అదే. చూసే కళ్లే వేరు.

ఆ పిల్ల భయంలో ఇంకో పొర ఉంది. సైన్యంలో చేరాలని ఆమెకు ఆశ. కంటోన్మెంట్ గోడ పక్కనే ఉంటూ రోజూ ఆ యూనిఫాం చూస్తోంది. పచ్చబొట్టు ఉంటే తీసుకోరని కోచింగ్‌లో ఎవరో చెప్పారట. ఇది తెలియక ఎంతమంది పిల్లలు వెనక్కి తగ్గారో! భారత సైన్యం నిబంధన ఇలా ఉంది: మామూలు అభ్యర్థులకు ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక మాత్రమే టాటూకు అనుమతి. ప్రభుత్వం గుర్తించిన గిరిజన ప్రాంతాల ఆదివాసీ అభ్యర్థులకు మాత్రం, తమ ఆచారం ప్రకారం వేసుకున్న పచ్చబొట్టు ఒంటి మీద ఎక్కడున్నా అనుమతి ఉంది. దరఖాస్తు చేసేముందు ఆ ఏటి నోటిఫికేషన్ చదివి, అడిగిన ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోవాలి. ఈ నిబంధనను ఫోన్లో తీసి ఆమెకు చూపించాం. రెండుసార్లు చదివింది. "మరి ఇది మాకు బడిలో ఎందుకు చెప్పలేదు?" అంది. ఆ రోజు అది ఆమె మూడో ప్రశ్న.

తోటి ఉపాధ్యాయులకు

పెద్ద కార్యక్రమాలేమీ చెప్పబోవడం లేదు. ప్రేయర్ లైన్లో పిల్లల ఒంటి మీది గుర్తుల గురించి నలుగురిలో మాట్లాడకండి. శుభ్రత గురించి చెప్పాల్సి వస్తే సబ్బు ఉందా లేదా అని ముందు అడగండి. పచ్చబొట్టున్న పిల్ల కనిపిస్తే ఎవరు వేశారు, ఎక్కడ వేశారు, దానికి ఏం పేరు అని అడిగి, ఇష్టమైతే నోట్‌బుక్‌లో గీయించండి. సైన్సు పాఠంలో చర్మం వచ్చినప్పుడు మెలనిన్ గురించి చెబుతాం కదా. ఎండ నుంచి చర్మాన్ని కాపాడేది అదే అని, దాన్ని క్రీముతో కడగాల్సిన పని లేదని అక్కడే చెప్పండి. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి ఆకులు కట్టించకండి. పిల్లలు ఇంట్లో నిజంగా వేసుకునే బట్టల్లోనే రానివ్వండి.

మా పిల్ల సంగతి చెప్పి ముగిస్తాం. ఆయింట్‌మెంట్ మానెయ్యమన్నాం, సొంతంగా ఒక్కసారే ఆపకుండా గాంధీ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించుకుని ఆపమన్నాం. సోమవారం వెళ్లి వచ్చిందట. లేజర్ ఒక్కసారితో అయ్యేది కాదని, నల్లటి చర్మం మీద మచ్చ మిగిలే అవకాశం ఉందని అక్కడి డాక్టరు కూడా చెప్పారట. డబ్బు ఇవ్వం అని మేం అనలేదు. ఆ నుదురు ఆమెది. ఉంచుకోవాలా, తీసెయ్యాలా అన్నది ఈసారైనా ఆమెను అడిగే జరగాలి. "బాగా ఆలోచించుకుని అప్పుడు కూడా కావాలనిపిస్తే అడుగు, ఇస్తాం" అన్నాం. ఇప్పటిదాకా అడగలేదు. స్టిక్కర్ ఇంకా పెట్టుకుంటూనే ఉంది.

ఏడో తరగతి నాటి మాటకు ఆ గదిలోనే, ఆమె ముగ్గురు స్నేహితుల ముందు, క్షమించమని అడిగాం. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే అడగాలి కదా. ఆమె ఏమీ అనలేదు. లేచి స్టౌ మీద టీ పెట్టింది.